పన్నెండూ బూడిద రంగే

ఆ ఏడాది పొదుగుల కాలంలో నేను నా చేతులతో ఇరవై ఒక్క కోడిపిల్లల్ని చంపాను. చెప్పుకోదగ్గ మాట కాదు. కానీ ఇది దాచిపెట్టి మిగతాదంతా చెబితే రేపు దేవుడి ముందు తలెత్తి నిలబడలేను. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

పద్ధతి ఇదీ. మామగారు వెనకగదిలో కిటికీ పక్కన పీట మీద కూర్చునేవారు. ఒళ్లో తెల్ల తువ్వాలు. కుడిపక్క గంప, ఎడమపక్క మూత ఉన్న బకెట్, మధ్యలో నేను. ముందురోజు గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లల్ని ఒక్కొక్కటే ఆయన చేతికి అందించేదాన్ని. ఆయన దాన్ని వెలుగుకేసి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, రెండు మాటల్లో ఒకటి అనేవారు.

"ఉంచు."

లేదంటే, "తియ్యి."

బూడిద రంగుదైతే ఉంచు. నల్లదైనా, మాసిపోయిన తెలుపుదైనా తియ్యి. అంతే. మూడో మాట లేదు.

మామగారు ఉద్యోగం చేసిన రోజుల్లో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. దొంగ రాయిని చేతిలో పట్టుకున్న క్షణంలో ఎంత తక్కువో చెప్పేసేవారట. రిటైరయ్యాక ఆ చెయ్యి కోళ్ల మీద పడింది. మా పెరట్లో ఉన్నవి మామూలు కోళ్లు కావు. మామగారి అమ్మ పెంచిన జాతి. పొయ్యి ఆరిపోయాక మిగిలే బూడిదలాంటి రంగు, ఒక్కో ఈక అంచుకీ సన్నగా కుట్టు వేసినట్టు నల్లగీత, పలక రంగు కాళ్లు. ఇంకో నాలుగైదు ఇళ్లలో తప్ప ఇవి ఎక్కడా మిగల్లేదని ఆయన అనేవారు. ముప్పై ఏళ్లుగా రక్తం చెడిపోకుండా కాపాడుతున్నానని కూడా అనేవారు. చెడు రక్తం బయటపడేది రంగులోనట. నలుపూ తెలుపూ పుట్టిన ప్రతిసారీ ఏరిపారేస్తూ పోతే ఏదో ఒకనాటికి అంతా బూడిద రంగే పుడతాయట.

ఆయన చెప్పడం వరకే. ఏరిన దాన్ని పారెయ్యడం నా వంతు. మా ఆయన ఏరే రోజు పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లిపోయేవాడు. "నన్ను ఇందులోకి లాగకండి, నాకు కళ్లు తిరుగుతాయి" అనేవాడు. చేసేవాళ్లకి కళ్లు తిరగవని మా ఆయన నమ్మకం కాబోలు.

బకెట్ పెరట్లోకి తీసుకెళ్లి కుళాయి పక్కన పెట్టేదాన్ని. ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చదివేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది, నిద్రపోయే ముందు చదివేది. తర్వాత నీళ్లు. లోపలికి చూడకుండా పోసేదాన్ని. తర్వాత మూత, మూత మీద ఇటుక. చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడేదాన్ని. వాటిని వదిలేసి ఇంట్లోకి వెళ్లడం తప్పనిపించేది. ఆ మిగతాదంతా తప్పని ఎందుకనిపించలేదో నాకిప్పటికీ తెలీదు. పెద్దవాళ్లు చెప్పిన పని, జాతి నిలబెట్టే పని, దేవుడి పేరు చెప్పుకుని చేసే పని. మూడు మూతలు పెట్టుకున్నాను, బకెట్ మూత కాక.

*

ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. మా ఆయన అక్క. నాకు వదిన.

అప్పటికి పదకొండేళ్ల కిందట అత్తారింటి నుంచి పెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని మామగారు అడిగారు. వదిన చెప్పలేదు. చెప్పేదాకా నీతో మాట్లాడనన్నారాయన. సరేనంది. అప్పట్నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక వాళ్ల మాటలు మొయ్యడం నా పని అయింది.

"చెప్పమ్మా ఆవిడకి, ఫ్యాను ఆపకుండా వెళ్లిందని."

వదిన మూడడుగుల దూరంలోనే ఉండేది. "చెప్పు మరదలా ఆయనకి, కరెంటు పోయిందని. ఫ్యాను తిరుగుతోందో లేదో తల పైకెత్తితే తెలుస్తుందని."

"మావయ్యగారూ, కరెంటు పోయిందట."

"తల పైకెత్తే సంగతి కూడా చెప్పు. సగం మింగేస్తావేం?" అనేది వదిన.

నవ్వొచ్చేది. ఆ ఇంట్లో నవ్వొచ్చేదంటే ఆవిడ వల్లే. వదినకి రెండు వీధుల అవతల కుట్టుపని కొట్టు ఉంది. ముందు గది, వెనక చిన్న దొడ్డి. బడిపిల్లల యూనిఫాంలు, ఆసుపత్రి దుప్పట్లు కుట్టేది. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసిన గుర్తు లేదు. కోళ్ల సంగతి అస్సలు ఎత్తేది కాదు. ఏరే రోజు మాత్రం కొట్టుకి ఆలస్యంగా వెళ్లేది. నేను కుళాయి దగ్గరుంటే వచ్చి చేతులు కడుక్కునేది. ఆ రోజే ఆవిడకి అక్కడే చేతులు కడుక్కోవాలని ఎందుకనిపిస్తుందో నేను ఆలోచించలేదు.

ఆ ఏడాది చలి తగ్గగానే మామగారికి పాతజాతుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పొదుగుల కాలం అయిపోయే లోపు వాళ్ల డాక్టరమ్మ వచ్చి మంద చూస్తుందట. రంగు తేడా లేకుండా ముప్పై పక్షులు చూపిస్తే జాతిని పుస్తకంలోకి ఎక్కిస్తారట. మామగారు ఆ ఉత్తరాన్ని కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని చదివారు. అప్పటికే ఆయన కుడికంట్లో పొర కమ్ముతోంది.

"ముద్ర పడాలి అమ్మాయ్. ఒక్కసారి ముద్ర పడితే చాలు, జాతి స్థిరపడినట్టే. ఆ తర్వాత ఏరేదీ ఉండదు, తీసేదీ ఉండదు."

"నిజంగానా మావయ్యగారూ? బకెట్ అక్కర్లేదా ఇక?"

"అక్కర్లేదు. ఈ ఒక్క ఏడే."

ఆ మాట పట్టుకునే ఆ ఏడు గట్టెక్కించాను. ఈ ఒక్క ఏడే, ఈ ఒక్క ఏడే. మొదటి పొదుగులో పదకొండు పిల్లలకి ఆరు తియ్యి. రెండో పొదుగులో పదికి నాలుగు. ఎంత జాగ్రత్తగా గుడ్లు ఎంచినా అంతే. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ వేసి, మా దొర, అంటే మా పెద్ద పుంజు పేరది, దాని జత పెట్టలవి మాత్రమే పొదగేసేవాళ్లం. సగానికి సగం బకెట్‌లోకే పోయేవి. మామగారు రోజురోజుకీ చిరాకు పడిపోయేవారు. ఆ చిరాకు నా మీదికొచ్చేది.

"గుడ్లు కలిపేశావేమో చూసుకో. పక్కింటి పుంజు గోడ దూకుతోందేమో చూసుకో. రక్తం ఊరికే చెడదు."

"చెప్పు మరదలా ఆయనకి," అంది వదిన ప్లేటు ముందు కూర్చుని, "గోడ దూకేవి ఈ ఇంట్లో ఏవీ లేవని. దూకేవాళ్లంతా పెట్టె పట్టుకుని గుమ్మంలోంచే వస్తారని."

ఆ రోజు నేను ఆ మాట మొయ్యలేదు. మొయ్యాల్సిన అవసరమూ లేకపోయింది. మామగారు తినడం ఆపి లేచి వెళ్లిపోయారు.

*

అయిదో పొదుగు గుర్తున్నట్టు నాకు ఇంకేదీ గుర్తులేదు.

ముసలి పెట్ట కింద పన్నెండు గుడ్లు పెట్టాం. పన్నెండూ పిల్లలయ్యాయి. అదే వింత. మర్నాడు పొద్దున మామగారు పీట మీద కూర్చున్నారు. నేను మొదటిది అందించాను.

"ఉంచు."

రెండోది. "ఉంచు." మూడోది. నాలుగోది. ఆరోది దాటాక ఆయన గొంతు మారింది. తొమ్మిదోదాన్ని కిటికీలోంచి బయటకి చాచి ఎండలో పట్టుకుని చూశారు. "ఉంచు." చివరిదాన్ని ఆయన చేతికిచ్చాను.

"ఉంచు అమ్మాయ్."

పన్నెండూ బూడిద రంగే. ఎడమపక్క బకెట్ పొడిగా, ఖాళీగా ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేశాను. మామగారు తువ్వాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్లకి రక్తం శుద్ధి అయింది" అన్నారు. ఆ తర్వాత ఇల్లంతా వినపడేలా, "చెప్పమ్మా ఆవిడకి, పన్నెండూ బూడిదే అని!"

వదిన గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "విన్నానని చెప్పు" అంది. తర్వాత నాకేసి చూసింది. "ఏం మరదలా, ఇవాళ నీ బకెట్‌కి సెలవా?"

"సెలవే వదినా. దేవుడు నా మొర విన్నాడు."

"మంచిదే. ఎవరో ఒకరు వినాలిగా" అంది. టేపు మెడలో వేసుకుని కొట్టుకి వెళ్లిపోయింది.

గూట్లో పెంకులు ఊడుస్తుంటే ఒక సంగతి కంటబడింది. పెంకుల మీద తేదీలు నా పెన్సిల్ గీతల్లా లేవు. నీలంగా, మందంగా ఉన్నాయి. మామగారికి మామూలు పెన్సిల్ ఆనడం లేదని తనే మళ్లీ దిద్దుకున్నారేమో అనుకున్నాను. పెంకులు గుంటలో పోసి, దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు చదివిన ప్రార్థనంత తియ్యటి ప్రార్థన నా జన్మలో చదవలేదు.

*

డాక్టరమ్మ రావడానికి వారం ఉందనగా మామగారి చొక్కా చంక దగ్గర పిగిలింది. ఆ చొక్కానే వేసుకుంటానని ఆయన పట్టు. కుట్టించుకు రమ్మని నన్ను కొట్టుకి పంపారు. వదిన ముందు గదిలో లేదు. వెనక దొడ్డిలోంచి ఏదో మాట్లాడుతున్నట్టు వినిపించి అటు వెళ్లాను.

వదిన బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉంది. ఆవిడ కాళ్ల దగ్గర నల్లపెట్ట ఒకటి, పక్కన తెల్లపుంజు. తెలుపంటే తెలుపు కాదు, సిరా చిలకరించినట్టు అక్కడక్కడా మచ్చలు. రెండింటికీ పలక రంగు కాళ్లు. ఒకదాని కాలికి ఎర్రగుడ్డ పీలిక, రెండోదానికి నీలంది. అంత నల్లటి నలుపు, ఎండలో పచ్చగా మెరిసే నలుపు, నేనెప్పుడూ చూడలేదు. ఆ రంగు అంత పెద్దదయ్యేదాకా బతకనిస్తే కదా చూడ్డానికి.

"ఇవెక్కడివి వదినా?"

"నీ బకెట్‌లోవే" అంది, గింజలు చల్లుతూ. "పోయినేడువి. నువ్వు ప్రార్థన చదవడానికి కళ్లు మూసుకుంటావు కదా. అంతసేపు చాలు, ఒకటి తీసి కొంగులో వేసుకోడానికి. రెండుసార్లు తీశాను. ఇంకా తీద్దును, దాచడానికి చోటేదీ?"

నేను చేతిలోని చొక్కా ఉండలా చుట్టేశాను.

"ఎవరికీ చెప్పకు. ఆ డాక్టరమ్మని రానీ. ఆవిడ ముందు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. నీ నోటి మీదుగా పంపిస్తే సగం దారిలో చల్లారిపోతుంది." నా మొహం చూసి నవ్వింది. "ఏంటే అలా అయిపోయావు? బతికాయని సంతోషించవేం?"

సంతోషించాల్సింది. ఎవరైనా సంతోషిస్తారు. నేను చొక్కా ఆవిడ చేతిలో పెట్టి ఇంటికొచ్చేశాను. దారంతా నా ఒళ్లు మండిపోతూనే ఉంది. ఆ రెండూ అంత అందంగా, అంత బలంగా, ఏ చెడూ లేకుండా గింజలు ఏరుకుంటూ తిరుగుతున్నాయి. అవి బతకొచ్చంటే, మిగతావాటికి నేనేం చేసినట్టు? ఆవిడ చేతులు శుభ్రంగా ఉన్నాయి. నా వెనకే నిలబడి, నా కళ్లు మూసి ఉండగా, ఆవిడ మంచిదనిపించుకుంది. ఆ బకెట్ మూత మీద చెయ్యి పెట్టింది మాత్రం నేను.

ఆ రెండూ లేకపోతే నేను చేసింది మళ్లీ సరైపోతుందనిపించింది. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

మామగారు వరండాలో ఉన్నారు. ఆయన అడక్కుండానే చెప్పేశాను. ఆయన మొదట అడిగిన ప్రశ్న, "ఎంత పెద్దవి?"

"గుడ్లు పెట్టేంత, మావయ్యగారూ."

చాలాసేపు వేళ్లతో కుర్చీ చేతిని కొడుతూ కూర్చున్నారు. "సంఘం వాళ్ల కంటబడితే మా మందలో చెడు రక్తం ఉందంటారు. ముద్ర పోతుంది." ఆ తర్వాత ఏరే రోజు వాడే గొంతుతోనే అన్నారు. "తియ్యి."

*

మర్నాడు పొద్దున వదిన కొలతలు తియ్యడానికి బడికి వెళ్లింది. కొట్టు తాళం రెండోది ఇంట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. సంచీ పట్టుకుని వెళ్లాను.

నల్లపెట్ట దొరకడానికి కాస్త తిప్పలు పెట్టింది. తెల్లపుంజుతో అదేమీ లేదు. మనుషులు తన మంచికే వస్తారని దానికి అలవాటు. నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి నా చేతిలో గింజలున్నాయేమోనని చూసింది.

ఇంటికి తెచ్చి కుళాయి దగ్గర కూర్చున్నాను. ఇంత పెద్దవాటికి బకెట్ పనికిరాదు. ప్రార్థన మొదలుపెట్టాను కానీ మధ్యలో మాటలు తప్పాయి. మళ్లీ మొదలుపెట్టలేదు. పని చేసేశాను.

మధ్యాహ్నానికి వండాను. అది కూడా మామగారి మాటే. "పారెయ్యడమెందుకు? ఆవిడ పెంచిందేగా, ఆవిడే తింటుంది."

వదిన వచ్చి చేతులు కడుక్కుని కూర్చుంది. మా ఆయన కూడా ఆ రోజు అన్నానికి వచ్చాడు. వాసన చూసి, "ఏంటి విశేషం?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. మామగారు ప్లేటు ఖాళీ చేశారు. గిన్నె తన వైపు లాక్కుని రెండోసారి వడ్డించుకున్నారు. వదిన బడిలో ఒక లావుపాటి పిల్లాడికి టేపు చాలక దారం కలిపి కొలిచిన కథ చెబుతూ తింటోంది. మా ఆయన నవ్వుతున్నాడు. ప్లేటు సగం అయింది.

అప్పుడు మామగారు జేబులోంచి ఎర్రపీలికా నీలంపీలికా తీసి, ఉప్పు గిన్నె పక్కన పెట్టారు. పక్కపక్కన, సరిగ్గా పెట్టారు.

"చెప్పమ్మా ఆవిడకి, ఇవి ఆవిడవేనేమో చూసుకోమని."

నేను చెప్పలేదు. వదిన పీలికల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. కోపంగా కాదు. సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు చూస్తారే, అలా. నోట్లో ఉన్న ముద్ద నమిలి మింగింది. మిగతాది కూడా తింది. ఒక్క మెతుకు లేకుండా తింది. మా ఆయనకి ఏమీ అర్థంకాక అందరి మొహాలూ చూస్తున్నాడు.

వదిన లేచి ప్లేటు కడిగి బోర్లించింది. రెండు పీలికలూ మడిచి టేపు డబ్బాలో పెట్టుకుంది.

"ఉప్పు సరిపోయింది మరదలా" అంది.

*

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. బురదలో నడిచే బూట్లు వేసుకొచ్చింది. మామగారు కుట్టించిన చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడ్డారు. ఆవిడ పెద్ద కోళ్లన్నిటినీ ఒక్కొక్కటీ పట్టుకుని, రెక్క విప్పి, కాళ్లు చూసి, కాగితం మీద రాసుకుంది. బాగున్నాయంది. చాలా బాగున్నాయంది. మామగారు గర్వంగా ఆవిణ్ణి అయిదో పొదుగు పిల్లల దగ్గరికి తీసుకెళ్లారు. అప్పటికి వాటికి రెక్కలొచ్చి పావురాలంత అయ్యాయి.

"ఒకే పొదుగు. పన్నెండుకి పన్నెండూ. ఒక్క నల్లది లేదు, ఒక్క తెల్లది లేదు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "వీటి తల్లీతండ్రీ ఏవి సార్?"

"మా దొర, మా బూడిద పెట్ట. ముప్పై ఏళ్లుగా శుద్ధి చేసుకొస్తున్నాను."

"శుద్ధా?" అంది ఆవిడ. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టు పెన్నుతో చెంప గోక్కుంది. "సార్, ఈ జాతిలో బూడిదకీ బూడిదకీ పుడితే ఎప్పుడూ సగమే బూడిద. మిగతా సగంలో కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. అది చెడు రక్తం కాదు, ఈ రంగు స్వభావమే అంత. ఎన్నేళ్లు ఏరినా పోదు. అన్నీ బూడిదే పుట్టాలంటే ఒకటే దారి. ఇందులోంచి పుట్టిన నల్లదాన్నీ తెల్లదాన్నీ జతకట్టాలి. అప్పుడు ప్రతి పిల్లా బూడిదే." పిల్లలకేసి చూసింది. "మీరు అదే చేశారనుకున్నాను. ఆ నల్లపెట్టనీ తెల్లపుంజునీ చూపించండి. అవే కదా అసలు సొత్తు."

నాకు నీలం గీతలు గుర్తొచ్చాయి. గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిల్. వదిన చెవి మీద ఎప్పుడూ ఉండేది.

"ఆ గుడ్లు నావి కావు మావయ్యగారూ," అన్నాను.  "వదిన మార్చింది. వాటివే అవి."

మామగారు నిలబడే ఉన్నారు. కంటి పొర వెనక నుంచి గుమ్మం కేసి చూశారు. వదిన అక్కడే తలుపుకి ఆనుకుని ఉంది, ఆవిడ చెప్పాలనుకున్న మాట ఇంకొకరు చెప్పేశారు. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ఆయన ఆవిడతో మాట్లాడారు.

"అమ్మాయ్, ఆ గుడ్లేమైనా మిగిలాయా?"

వదిన ఆయన కేసి చూడలేదు. నాకేసి తిరిగింది.

"చెప్పు మరదలా ఆయనకి," అంది, "మొన్న మధ్యాహ్నం రెండోసారి కూడా వడ్డించుకున్నారని."

ఆ సాయంత్రమే పెట్టె పట్టుకుని కొట్టుకి వెళ్లిపోయింది. పెట్టె బరువుగా ఉందని మా ఆయన సాయం పట్టబోయాడు. "వచ్చినప్పుడు నేనే మోసుకొచ్చాను లేరా" అంది.

*

నాలుగు రోజులకి ఆ ఏటి ఆఖరి పొదుగు బయటపడింది. పది పిల్లలు.

సంఘం పుస్తకంలోకి జాతి ఎక్కింది. ఆ కాగితం మామగారి దిండు కింద ఉంది. ఆయన పొద్దున్నే వచ్చి పీట మీద కూర్చున్నారు. తువ్వాలు ఒళ్లో వేసుకున్నారు. నేను మొదటిది అందించాను. నల్లది.

"తియ్యి."

విన్నది నిజమేనా అనుకున్నాను. "మావయ్యగారూ, డాక్టరమ్మ ఇవే ఉంచమంది కదా. ఇవే అసలు సొత్తంది."

"తెలుసు."

"మరి?"

ఆయన పిల్లని ఎండకేసి పట్టుకునే ఉన్నారు. అది అరుస్తోంది. 

"ఇవి ఉంచితే," అన్నారు, "ముప్పై ఏళ్ల వాటికి ఏం చెప్పమంటావు?"

 ఆ మాట నాకు కొత్త కాదు. వదిన దొడ్డిలోంచి ఇంటికి నడిచొచ్చేటప్పుడు నేను అనుకున్న మాటే అది. ఆయన నోట్లోంచి వినేసరికి ఎంత వికారంగా ఉందో తెలిసింది.

ఆయన అయిదుసార్లు తియ్యి అన్నారు. మూడు నల్లవి, రెండు తెల్లవి. నేను వాటిని బకెట్‌లో వేసుకున్నాను. మూత పెట్టలేదు. కుళాయి దాటి, గేటు తీసుకుని, వీధిలోకి నడిచాను. వీధిలో వాళ్లు చూస్తున్నారు. బకెట్‌లోంచి అరుపులు వస్తున్నాయి మరి.

వదిన దుప్పటి అంచు మడిచి గుండుసూదులు పెడుతోంది. నోట్లో నాలుగు సూదులున్నాయి. నన్ను చూసి ఆగలేదు. బకెట్ కింద పెట్టాను. ఆవిడ వంగి లోపలికి చూసింది. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి మెత్తకి గుచ్చింది.

"నీళ్లేవీ?"

"పొయ్యలేదు."

 వదిన గడ్డంతో దొడ్డివైపు చూపించింది. "అక్కడ గూట్లో పెట్టు. ఖాళీగానే ఉంది."

పెట్టి వచ్చాను. వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాను.

"అలా పుడతాయని నీకెలా తెలుసు వదినా?"

"పాలావిడ పెట్ట కింద అయిదు పెట్టి చూశాను. అయిదూ బూడిదే."

"మరి మా గూట్లో ఎందుకు పెట్టావు? ఆయనకి బుద్ధి చెప్పాలనా?"

వదిన దుప్పటి అంచు అరచేత్తో సాపు చేసింది. "ఆయనకి చెప్పాలనుకున్నది తర్వాత. ఆ పన్నెండు గుడ్లూ నీకోసం పెట్టాను. ఒక్క విడతైనా నీ బకెట్ పొడిగా ఉంటుందని."

సూది తీసుకుని మళ్లీ పనిలో పడింది. నన్ను మరదలా అని పిలవలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ పిలవలేదు. వెళ్తే కూర్చోమంటుంది, మంచినీళ్లిస్తుంది, కొలతలు అడుగుతుంది. అంతే.

నేను ప్రార్థన మానలేదు. మానేంత ధైర్యం నాకు లేదు. దేవుడు ఆ రోజు నా మొర విన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. విని, నాకు కనపడేంత దగ్గరికి మనిషిని పంపాడు. ఆ మనిషిని నేనేం చేశానో కూడా ఆయన చూశాడు కదా. అది తల్చుకుంటే మాటలు తప్పుతాయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. కళ్లు మాత్రం మూసుకోను.